చెరువు మట్టితో నాలుగు జాతులు: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత

మా మేనల్లుడు ఒక కల్పిత లోకం గురించి కథలు రాస్తున్నాడు. దాని పేరు మూడుగట్ల సీమ. తూర్పున ఉప్పునీటి మడుగు, నడుమ బీడు, పడమట రాతి కొండలు. అక్కడ బతికే మానవాకార జాతులను మట్టి బొమ్మలుగా చేసి కాల్చడం నా పని. ఒక్కో జాతికి ఒక ఆడ, ఒక మగ, ఒక ముసలి, ఒక పిల్ల. బొమ్మలతో పాటు జాతికొక నోటు పుస్తకం. ఏం తింటారు, ఏ నీళ్లు తాగుతారు, పొద్దున లేస్తే చేతికి అందుకునే పనిముట్టు ఏది, చనిపోయినవాళ్లను ఏం చేస్తారు అన్నవి అందులో ఉండాలి.

వాడు మొదట ఇచ్చిన జాబితాలో పొడుగు చెవుల అడవి జాతి, గడ్డాల పొట్టి జాతి, పచ్చ చర్మం క్రూర జాతి ఉన్నాయి. వాళ్లకు ఆ చెవులెందుకు, ఆ పొట్టితనమెందుకు అని అడిగితే జవాబు రాలేదు. ఒంగోలులో పెరుగుతున్న పిల్లవాడు లోకాన్ని కల్పిస్తే అందులో ఉప్పు మళ్లు, చీమకుర్తి నల్లరాయి, కనిగిరి ఎండ, కార్తీకంలో విరుచుకుపడే వాయుగుండం ఉండాలి కదా! జాబితా పక్కన పెట్టి నేల నుంచే మొదలుపెట్టాం.

రెండు నియమాలు పెట్టుకున్నాం. మొదటిది, ఏ జాతికైనా శరీరంలో ఒక్కటే తేడా. మిగతాదంతా నేర్చుకున్న పని, అలవాటు, చేతిలోని సాధనం. నిజమైన మనుషుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆగ్నేయాసియా సముద్రాల్లో మునిగి చేపలు పట్టే బజావులకు పక్కనే ఉండే వ్యవసాయదారుల కంటే ప్లీహం, అంటే ఒంట్లో నెత్తురు నిలవ ఉంచే అవయవం, దాదాపు సగం పెద్దదని 2018లో తేలింది. టిబెట్ వాళ్లకు పలచని గాలిలో సాయపడే జన్యువు డెనిసోవన్లు అనే అంతరించిపోయిన ప్రాచీన మానవుల నుంచి వచ్చిందని 2014లో బయటపడింది. వేల ఏళ్లు ఒకే చోట ఒకే పనిలో ఉంటే శరీరం ఇచ్చేది ఆ మాత్రమే. పడవ కట్టడం, యాక్ పాలతో వెన్న తీయడం శరీరం ఇవ్వలేదు, అమ్మానాన్నలు నేర్పారు.

రెండోది, ఏ నిజమైన సమాజాన్నీ తెచ్చి కథలో జాతిగా నిలబెట్టకూడదు. మన దగ్గర మడుగులో వల వేసేవాళ్లు, అడవిలో తేనె తీసేవాళ్లు, ఉప్పు తోడేవాళ్లు రోజూ ఎదురయ్యే మనుషులు. వాళ్ల పేరు, వేషం, దేవర కొలుపు తీసుకుని పక్కన ఒక తోకో కొమ్మో తగిలించడం నాకు అసహ్యంగా తోస్తుంది. నేలను, నీటిని, రాయిని తీసుకుంటాం. మనుషులను తీసుకోం.

కొలత పుల్లలు

బొమ్మకూ బొమ్మకూ పోలిక కుదరాలంటే కొలత కావాలి. మన శిల్పులది తాలమానం. గడ్డం నుంచి నుదుటిపై జుట్టు మొదలయ్యే దాకా ఉన్న ముఖం పొడవు ఒక తాలం. అందులో పన్నెండో వంతు అంగుళం, అంటే వేలి వెడల్పు లెక్క. పెద్ద దేవతలకు దశతాలం, అంటే ఒళ్లు పది తాలాల ఎత్తు, మరికొందరికి నవతాలం, వినాయకుడికి పంచతాలం. ఒక ఆకారం దేవతలా, యక్షుడిలా, మరుగుజ్జులా కనిపించడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు, ముఖానికీ ఒంటికీ ఉన్న నిష్పత్తి అని మనవాళ్లు ఎప్పుడో లెక్క కట్టి పెట్టారు. జాతులు చేసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే విద్య ఇంకొకటి లేదు.

మేం పదో వంతు కొలతకు చేస్తున్నాం. మామూలు మనిషి నవతాలం, తాలం 2 సెంటీమీటర్లు, మొత్తం 18 సెంటీమీటర్లు. పచ్చి మట్టి ఆరి కాలేసరికి కుంచించుకుపోతుంది కనుక ముందు ఒక పట్టీ చేసి, 10 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీసి, కుమ్మరి పెద్దాయన ఆవంలో కాల్పించాను. గీతల మధ్య 9.1 మిగిలింది. అందుకని వెదురు పుల్లలు రెండు రకాలు చెక్కాను: కాలిన బొమ్మను సరిచూసే పుల్లకు తాలం 2 సెంటీమీటర్లు, పచ్చి మట్టి పుల్లకు 2.2. పచ్చి పుల్లకు ఎర్ర దారం కట్టి ఉంచాను, చేతికి మారిపోకుండా.

శివరాత్రి ముందు: మడుగువారు

పులికాట్ సరస్సు చూసినవాళ్లకు తెలుసు, అంత విశాలమైన నీరు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. సగటు లోతు మీటరు అంటారు. అంత లోతులేని ఉప్పునీటిలో పడవ కంటే పొడుగు కాలు నయం. చలికాలంలో అక్కడికి వచ్చే ఫ్లెమింగోలు చేసేది అదే. కాళ్ల మీద నడిచి వచ్చి, తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో వడగట్టి తింటాయి. ఆ తిండిలోని కెరొటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్లనే వాటికి గులాబీ రంగు.

మేనల్లుడు వెంటనే పొడుగు కాళ్లు, గులాబీ చర్మం, వడగట్టే పళ్లు అన్నీ రాసుకున్నాడు. నియమం గుర్తు చేశాను, ఒక్కటే తేడా. ఏది? కాళ్లు కావని నా వాదన. మడుగులో బతకాలంటే అసలు చిక్కు లోతు కాదు, తాగునీరు. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం. మన మూత్రపిండాలు అంత గాఢంగా ఉప్పును బయటికి పంపలేవు. అందుకే సముద్రపు నీళ్లు తాగితే ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి. ఫ్లెమింగోలకు, సముద్రపు పక్షులకు కళ్లకు పైన ఉప్పు గ్రంథులు ఉంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పును అవి చిక్కటి ద్రవంగా ముక్కు వైపు నుంచి వదిలేస్తాయి.

మడుగువారికి ఇదే ఇచ్చాం. కనుబొమల మీద రెండు చిన్న ఉబ్బులు, అక్కడి నుంచి ముక్కు పక్కగా దిగే సన్నని గాడి. ఎండలో ఆ గాడి వెంట ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఆ గీతను ఎవరు తుడుస్తారన్నది వాళ్ల ఇళ్లలో పెద్ద విషయం. పిల్లకు తల్లి తుడుస్తుంది. పెళ్లయ్యాక ఒకరిది ఒకరు తుడుచుకుంటారు. భార్య పోయిన ముసలాయన ముఖం మీద ఉప్పు గీత మందంగా ఉంటుంది, ఊరివాళ్లు చూసి కూడా చేయి పెట్టరు, ఆయన అడగాలి. ఈ వాక్యం వాడు రాశాడు. పదమూడేళ్ల పిల్లవాడు రాశాడంటే నాకు గర్వంగా ఉంది. గ్రంథి లేకపోతే ఈ వాక్యం లేదు. పొడుగు చెవులు ఊరికే తగిలిస్తే ఇలాంటి వాక్యం పుట్టదు.

కాళ్ల సంగతి ఇంకా తేలలేదు. వాడు వదలడం లేదు, సరేనని ఒక నమూనా చేశాను. పదిన్నర తాలాలు, 21 సెంటీమీటర్లు, పెరిగిన ఒకటిన్నర తాలమంతా మోకాలి కిందనే. నిజం కొలతలో ఏడడుగుల మనిషి. ఎత్తు ఆరో వంతు పెరిగితే, అన్ని వైపులా అదే నిష్పత్తిలో పెరిగిన ఒంటి బరువు దాదాపు 60 శాతం పెరుగుతుంది, ఎముక మందం మాత్రం అంత పెరగదు. మట్టికీ అదే లెక్క వర్తించింది. ఆరబెట్టిన మూడో రోజుకు రెండు పిక్కలూ పుటుక్కున విరిగాయి. పెద్దాయన చూసి, "బరువంతా పుల్లల మీద పెట్టావమ్మా, మూడో కాలు ఇవ్వు" అన్నాడు.

మూడో కాలు ఇచ్చాం. మామూలు కాళ్లే, చేతిలో మనిషి కంటే పొడుగైన గడ. పొడుగు కాళ్ల అవసరం గడ తీర్చింది. దానితో లోతు చూస్తారు, వల ఆనిస్తారు, బురదలో దిగబడితే దాని మీద వాలి కాలు లాక్కుంటారు, రాత్రి నాలుగు గడలు పాతి పైన చాప కట్టుకుని పడుకుంటారు. బొమ్మకు అడుగున నీటి పలకలాగా ఒక మట్టి దిమ్మ చేసి గడను అందులోకి దిగగొట్టాను. ఇప్పుడు బొమ్మ రాయిలా నిలబడింది.

మీనం ఎండలు: గరికవారు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం ఇది.

ప్రకాశం జిల్లాలో సుమారు 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో పత్రికల్లో వచ్చింది. బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం పురావస్తు పరిశోధకులు తవ్వకాల్లో గుర్తించారు. మన మెట్ట భూముల్లో నిప్పుకోళ్లు గుడ్లు పెట్టుకుని తిరిగిన కాలం ఒకటి ఉంది! ఆ వార్త చదివినప్పటి నుంచి కనిగిరి వైపు బస్సులో వెళుతూ కిటికీలోంచి చూస్తే నాకు ఆ పక్షుల మంద కనిపిస్తూనే ఉంది.

అందుకే బీడులోని జాతి నిప్పుకోళ్లతో బతుకుతుంది. ఎక్కి స్వారీ చేయరు. వంద కిలోల పక్షి మీద పెద్ద మనిషిని కూర్చోబెడితే దాని నడుము ఏం కావాలి? పక్కన నడుస్తారు, గూళ్లు కాపలా కాస్తారు, ప్రతి గూటి నుంచీ కొన్ని గుడ్లే తీసుకుంటారు. ఒక్క గుడ్డు దాదాపు కిలోన్నర, రెండు డజన్ల కోడిగుడ్ల పెట్టు. పెంకు మందం, గట్టి. ఆఫ్రికా దక్షిణాన మనుషులు వేల ఏళ్లుగా ఆ పెంకుల్లో నీళ్లు దాచుకున్నారు. 60,000 ఏళ్ల నాటి పెంకుల మీద చెక్కిన గీతలు కూడా దొరికాయి.

నీళ్లు దాచుకోవలసిన అవసరం మన పడమటి మండలాలకు వేరే చెప్పనక్కర్లేదు. కనిగిరి, పొదిలి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. తాగే నీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లు పెరిగే వయసు పిల్లలకు పళ్ల మీద గార కడుతుంది, ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ నొప్పితో నడుం వంగిన పెద్దవాళ్లను చూసినవాళ్లెవరూ దాన్ని కథకు అలంకారంగా వాడలేరు. మేం వాడింది ఒక్క చోటే, ఆచారంగా. గరికవారు బావి తవ్వరు. నేల లోపలి నీరు నేలదే అంటారు. ఈశాన్య వానల్లో పట్టిన నీటిని పెంకుల్లో పోసి, మైనంతో మూతి మూసి, పెంకు మీద ఆ ఏటి గుర్తు గీసి, ఇసుకలో పాతిపెడతారు. బిడ్డ పుట్టినప్పుడు పన్నెండు పెంకులు పాతడం వాళ్ల పురుడు కట్నం. పళ్లు వచ్చే వయసంతా ఆ బిడ్డ వాన నీళ్లే తాగాలి.

శరీరంలో తేడా దగ్గరికి వచ్చేసరికి వాడి పొడుగు చెవులు తిరిగి వచ్చాయి, ఈసారి కారణంతో సహా. వేడి చోట్ల ఉండే జంతువులకు చెవుల వంటి భాగాలు పెద్దవిగా ఉండటం జీవశాస్త్రంలో అందరికీ తెలిసిన సంగతే. ఎడారి కుందేలు చెవుల్లోని నెత్తురు గాలికి చల్లబడి ఒంట్లోకి వెళుతుంది. గరికవారి చెవులు అరచేయంత, పలచగా, నరాలు కనిపించేలా. ఎండ తీవ్రమైతే నిటారుగా విప్పుతారు, చలి రాత్రి తలకు అదిమి గుడ్డ చుట్టుకుంటారు. బొమ్మకు చెవి చేయడం కష్టమైంది. పలచని మట్టి ఆరేటప్పుడు తలకంటే ముందే ఆరి, అతుకు దగ్గర విడిపోతుంది. చెవుల మీద తడిగుడ్డ కప్పి, తల ఆరేదాకా వాటిని వెనక్కి పట్టాను. నరాలు తుమ్మ ముల్లుతో గీశాను. వెలుతురుకు ఎదురుగా పెడితే గీతలన్నీ తెలుస్తున్నాయి.

అదే నెల, వాడి ప్రశ్న

"అత్తా, వీళ్లలో చెడ్డవాళ్లెవరు?"

కథకు ఎవరో ఒకరు శత్రువు కావాలి కదా అని వాడి బాధ. ఒక జాతి జాతంతా చెడ్డది అనే కథ నేను ఒప్పుకోను, నా చేతులతో అలాంటి బొమ్మ చేయను. దొంగ ఉంటాడు, మోసగత్తె ఉంటుంది, వాళ్లు నాలుగు జాతుల్లోనూ ఉంటారు. పుట్టుకను చూసి గుణం చెప్పే అలవాటు ఊళ్లో ఇప్పటికే కావలసినంత ఉంది, కొత్త లోకంలోకి కూడా దాన్ని మోసుకుపోవడం ఎందుకు?

శత్రుత్వానికి నీరు చాలు. పులికాట్‌కు సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుక మేటలు వేసి పూడిపోతుంటాయి. పూడితే సముద్రపు చేప, రొయ్య లోపలికి రావు. మూడుగట్ల సీమలో మడుగువారు ఏటా ఆ ముఖాన్ని తవ్వి తెరవాలంటారు. ఇసుక తిప్పల మీద బతికే తిప్పవారు వద్దంటారు, తెరిచిన ఏడాది వాళ్ల చెలమల్లో నీరు ఉప్పెక్కుతుంది. ఇద్దరి మాటా న్యాయమే. వాడు కాసేపు ఆలోచించి, "అయితే గొడవ ఎప్పటికీ తీరదు" అన్నాడు. కథ కూడా అయిపోదు అన్నాను. ఆ రాత్రి ఆరు పేజీలు రాశాడు.

తిప్పవారు

వీళ్లవి పొట్టి శరీరాలు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో లియాంగ్ బువా గుహలో 2003లో దొరికిన అస్థిపంజరం పూర్తిగా ఎదిగిన మనిషిది, ఎత్తు మీటరు పైచిలుకు. రాతి పనిముట్లు వాడిన మనుషులు వాళ్లు. చిన్న దీవిలో తిండి తక్కువైతే తరాల మీద ఒళ్లు చిన్నదవడం ఏనుగుల్లోనూ జరిగింది.

కష్టమంతా బొమ్మ దగ్గర. 10 సెంటీమీటర్ల ఎత్తుకు 2 సెంటీమీటర్ల ముఖం పెడితే పంచతాలం, చూడగానే పిల్లవాడనిపిస్తుంది. నాకు కావలసింది సంసారం ఈదిన నలభై ఏళ్ల మనిషి. ముఖాన్ని 1.4కు తగ్గించి సప్తతాలం చేశాను. ఫ్లోరెస్ మనుషులకు కాళ్లతో పోలిస్తే పాదాలు పొడుగు, అదీ పెట్టాను, ఇసుకలో నడకకు బాగుంటుంది. దవడ వెడల్పు చేసి, చేతులకు కణుపులు తేల్చాను. ఇప్పుడు వరుసలో నిలబెడితే పొట్టివాళ్లుగా కాక దూరంగా నిలబడ్డ పెద్దవాళ్లుగా కనిపిస్తున్నారు.

రోహిణి కార్తె: మినుకువారు

చీమకుర్తి నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. గనుల్లో వజ్రపు తీగతో కోసిన గోడలు మెట్లు మెట్లుగా పాతాళానికి దిగుతున్నట్టు ఉంటాయి. ఆ గోడల లోపల బతికే జాతి మినుకువారు. శరీరంలో తేడా కళ్లు. రాత్రి టార్చి వేస్తే ఒంగోలు గిత్త కళ్లు వెలుగుతాయి, కంటి వెనక ఉన్న అద్దం వంటి పొర వల్ల. చీకట్లో ఆ పొర వెలుతురును రెండోసారి వాడుకోనిస్తుంది. మనుషులకు అది లేదు, మినుకువారికి ఉంది.

రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడకుండా ఏం చేయాలన్నది వాడు శరీరానికే వదిలేద్దామన్నాడు, ముక్కులో జల్లెడలాగా. ఒప్పుకోలేదు. శరీరం సర్దుకుంటుందిలే అనుకుంటే దుమ్ములో పనిచేయించడం తప్పే కాదన్నట్టు అవుతుంది. మినుకువారు రాయిని నీళ్లు పోస్తూనే కోస్తారు. పొడి రాయి మీద ఉలి వేసినవాడికి ఆ రోజు ఎవరూ అన్నం పెట్టరు. అది వాళ్ల చట్టం.

కళ్లకు అభ్రకం వాడాను. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం లేత ఆకుపచ్చ. సూది మొనతో పొర లేపితే ఉల్లి పొర కంటే పలచగా విడివడుతుంది. ఆవంలో పెడితే ఆ మెరుపు చెడుతుందని కాల్చాక అతికించాను. కంటి గుంటలో ముందు కొద్దిగా మసి, దాని మీద తుమ్మ జిగురు బొట్టు, ఆపైన కత్తెరతో గుండ్రంగా కోసిన అభ్రకం. ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది, అందుకే ఆ పని ఫ్యాను ఆపేసి, ఈ ఎండల్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేశాను. దీపం జరిపినప్పుడు కళ్లు దీపం వెంట తిరుగుతున్నాయి.

ఆవం దించాక

ఈసారి పదహారు బొమ్మలూ ఒకే ఆవంలో పెట్టించాను. పెద్దాయన వాటిని కుండల మధ్య, మంట నేరుగా తగలని చోట సర్దాడు. గరికవారి పిల్ల ఒక చెవి పోగొట్టుకుంది, మినుకువారి ముసలమ్మ వీపున సన్నని బీట వచ్చింది. మిగతావి దక్కాయి. బీట ఉన్న ముసలమ్మను అలాగే ఉంచుతాను, చెవి పోయిన పిల్లను కూడా. వాడు ఆ పిల్ల కోసం వేరే అధ్యాయం మొదలుపెట్టాడు. ఒక చెవితో ఎండ సగమే చల్లారుతుంది, అందుకని ఆ పిల్ల రాత్రిపూట తిరగడం నేర్చుకుంటుంది, అలా తిరుగుతూ గని అంచున మినుకువారిని కలుస్తుంది.

ఇక మిగిలింది చెరువు ఊరు. కంభం చెరువులాంటి పెద్ద చెరువు కట్ట కింద నాలుగు జాతులూ కలిసి బతికే ఊరు. తూము ఎత్తే నీరుగంటి ఎవరు కావాలన్నది ఇప్పటి చర్చ. నియాండర్తల్ మనుషులతో మన పూర్వీకులు కలిశారని, ఆఫ్రికా బయటి మనుషుల జన్యువుల్లో సుమారు రెండు శాతం వాళ్లదేనని ఇప్పుడు తెలుసు. కనుక ఈ ఊళ్లో జాతుల మధ్య పెళ్లిళ్లు జరుగుతాయి, పిల్లలు పుడతారు. మడుగువారి తల్లికి, గరికవారి తండ్రికి పుట్టిన అమ్మాయిని నీరుగంటిగా పెడదామని వాడన్నాడు. ఉప్పు గాడి పెట్టాలా, చెవులు పెట్టాలా, రెండూ సగం సగమా? రెండూ పూర్తిగా వద్దని నేను, తల్లి గాడి తప్పనిసరని వాడు. చివరికి గాడి ఒక పక్కనే, చెవులు మామూలు కంటే కొంచెం పెద్దవి అని తేల్చాం. మట్టి నానబెట్టాను. తాలం 2.2, ఎర్ర దారం పుల్ల, నవతాలం. భుజం మీద తూము ఎత్తే ఇనుప కడ్డీ ఉండాలి, దాని బరువుకు కుడి భుజం కాస్త కిందికి వాలాలి. రేపు పొద్దున మొదలు.